సింహం కాలివేళ్ళు

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో నా రూమ్మేట్‌ది ఆళ్ళగడ్డ. వాళ్ళింట్లో తరతరాలుగా దేవుడి విగ్రహాలు చెక్కుతారు. తను మాత్రం డేటా సైన్స్ చదువుతోంది. ఒక వాన శనివారం ఇద్దరం ట్రైనెక్కి న్యూయార్క్‌లో ఒక మ్యూజియంకు వెళ్ళాం. ఫ్రాన్సులో పాడుబడ్డ రోమనెస్క్ శైలి పాత పెద్ద చర్చి ద్వారాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. స్తంభాల పైన మనుషుల్ని మింగుతున్న మృగాలు, ఈకల్లేని పక్షులు, సింహాలు. నేను ఫోటోలు తీసుకుంటుంటే తను ఒక సింహం దగ్గర ఆగిపోయింది.

"ఏమే, ఇట్ల రా. ఈ కాలికి నాలుగు వేళ్ళు, ఆ కాలికి ఐదు!"

"అయితే ఏంది?"

"ఏందా? మా తాత చూసింటే సుత్తి ఇసిరికొట్టేటోడు."

గార్డు మా వైపు వచ్చాడు. పెద్దాయన. ముట్టుకోవద్దని చెప్తాడనుకున్నాను. తను సింహం వేళ్ళు చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు. ముఖం వాడిపోయింది.

"పదకొండేళ్ళుగా దీని పక్కనే నిలబడుతున్నాను. నాకెవరూ చెప్పలేదు."

తర్వాత ఆయనే మమ్మల్ని ఒక్కో స్తంభం దగ్గరికి తీసుకెళ్ళాడు. గైడెడ్ టూర్ అనుకుని జనం వెనకాల చేరారు. కాసేపట్లో పది పన్నెండు మంది పైకి చూస్తూ గట్టిగా వేళ్ళు లెక్కపెడుతున్నారు.

"ఈ అయిదో వేలు దేనికి సంకేతం?" అని ఒకాయన అడిగాడు.

"చెయ్యి జారింది సర్," అంది నా రూమ్మేట్. ఆయన అది కూడా రాసుకున్నాడు.

చివరి సింహం గార్డుకు ఇష్టమైనది. భయపడుతూనే చూపించాడు. వేళ్ళన్నీ సరిపోయాయి.

"కానీ తోకేది?" అంది తను.

స్తంభానికీ గోడకూ మధ్య జానెడు సందు. గార్డు చెయ్యెత్తి, రాయికి తగలకుండా ఫోను లోపలికి పెట్టి ఫోటో తీశాడు. అందరం ఆయన భుజాల మీదుగా తొంగిచూశాం. తోక ఉంది. దాని కొసన కుచ్చు బదులు చిన్న మనిషి ముఖం, నాలుక బయటపెట్టి.

"అంటే ఇన్నాళ్ళూ వీడు నన్ను వెక్కిరిస్తున్నాడా?" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

"మిమ్మల్ని కాదండీ, పని చూడ్డానికొచ్చిన మేస్త్రీని," అని తను ఓదార్చింది.

ఆ ఫోటో అడిగి తీసుకుని ఆళ్ళగడ్డలో వాళ్ళ నాన్నకు పంపింది. పొద్దునకల్లా జవాబు వచ్చింది: "నాలుక బాగా తీసినాడు. రాయి ఏ రకం?"