ఆ రోడ్డు వంపు మార్తమ్మ టీచర్ గారిది

నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ మోగింది.

మార్తమ్మ టీచర్ గారి చెల్లెలి కూతురు.

“అంకుల్, పెద్దమ్మ తెల్లవారుజామున వెళ్లిపోయింది.”

ఏ పెద్దమ్మ అని అడిగాను. తెలిసే అడిగాను. ఆ మాట నిజమవడానికి ఇంకో క్షణం టైమ్ దొరుకుతుందని.

మొన్న ఆదివారమే కదా, “బీపీ బిళ్ళ వేసుకున్నావా అబ్బాయ్” అని ఫోన్లో గదమాయించారు. నాకు అరవై దాటి చాలా ఏళ్లయింది. ఆవిడకి మాత్రం నేను అబ్బాయినే.

మా ఊళ్లో అద్దంకి రోడ్డు మీద ఒక వంపు ఉంది. తిన్నగా వస్తున్న రోడ్డు ఉన్నట్టుండి ఎడమకు తిరుగుతుంది. బస్సు డ్రైవర్ల దగ్గర్నుంచి ఆటోవాళ్ల దాకా, ఏ బుద్ధిలేనివాడు గీశాడ్రా దీన్ని అని తిట్టుకుంటారు.

నేనే గీశాను.

గీయించింది మార్తమ్మ టీచర్ గారు.

ఎనభైల్లో సంగతి. టౌన్ ప్లానింగ్‌లో కొత్త డ్రాఫ్ట్స్‌మన్‌ని. పత్తి మిల్లులు, మిర్చి గోడౌన్లు వచ్చి ఊరు నాలుగు వైపులా పెరుగుతోంది. రాబోయే ఇరవై ఏళ్లకని మాస్టర్ ప్లాన్ తయారుచేశాం. మ్యాప్ మా ఆఫీసు వరండాలో తగిలించి, కింద తాళం వేసిన పెట్టె పెట్టాం. ప్రజలు రెండు నెలల్లోగా తమ సూచనలు, అభ్యంతరాలు రాసి అందులో వేయాలి.

నెల తర్వాత తెరిస్తే రెండు శుభలేఖలు, ఒక బీడీ ముక్క ఉన్నాయి.

“జనానికి అభ్యంతరం లేదన్నమాట” అన్నారు మా పెద్దాఫీసరు గారు. నా మ్యాప్ అంత బాగుందనుకుని నేనూ మురిసిపోయాను.

ఆ వారంలోనే ఎలిమెంటరీ స్కూల్ టీచర్ ఒకావిడ వచ్చారు. చేతిలో గొడుగు, భుజాన సంచి. మ్యాప్ ముందు చాలాసేపు నిలబడి, కొత్త రోడ్డు గీత మీద వేలు పెట్టారు.

“ఇక్కడ ఏముందబ్బాయ్?”

“ఖాళీ స్థలమండి.”

“మా అమ్మ ఉందక్కడ.”

అది వాళ్ల పేట క్రైస్తవుల సమాధుల తోట. కూలిజనం. రాయి మీద పేరు చెక్కించే స్తోమత లేదు. మట్టి దిబ్బ, కర్ర సిలువ, కుక్కలు రాకుండా పైన ముళ్లకంప. రెండు వానలకి సిలువ పోతుంది. ఏటా సమాధుల పండక్కి ఎవరి దిబ్బను వాళ్లు గుర్తుపట్టి సున్నం కొట్టుకుంటారు.

మేం సర్వే చేసింది ఎండాకాలంలో. కంప తప్ప ఏమీ కనబడలేదు. ఎవరినీ అడగనూ లేదు. తప్పు నాదే.

అరుస్తారనుకున్నాను. అరవలేదు.

“వందమంది కలిసి ఒక అర్జీ మీద వేలిముద్రలు వేస్తే మీవాళ్లు ఎన్ని అభ్యంతరాలని రాసుకుంటారు?”

“ఒకటేనండి.”

“విడివిడిగా వంద కాయితాలిస్తే?”

“వందండి.”

“అయితే రేపు సాయంత్రం మ్యాప్ పట్టుకుని మిర్చి కల్లానికి రా.”

వెళ్లాను. ఆడవాళ్లు వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. గోనెపట్టా మీద మ్యాప్ పరిచి, ఉత్తరం, దక్షిణం, స్కేలు అంటూ మొదలుపెట్టాను. ఒక్కరికీ ఎక్కలేదు.

టీచర్ గారు నన్ను పక్కకు జరిపారు.

“ఇదిగో, మనం కూర్చున్న కల్లం. ఇది మీరు పొద్దున్నే నడిచొచ్చే డొంక. ఇది తాటిచెట్టు. ఇప్పుడు చెప్పండి, మీవాళ్లు ఎక్కడున్నారు?”

ఒకామె మిరప తొడిమ ఒకటి తీసి మ్యాప్ మీద పెట్టింది. “మా ఆయన.”

ఇంకొకామె రెండు పెట్టింది. “మా అత్త. ఇది నా చంటిది.”

నేను ఖాళీ అని రాసిన చోటు చూస్తుండగానే తొడిమలతో నిండిపోయింది.

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. చేత్తో తుడుచుకున్నాను. అంతకుముందు ఆ చేత్తోనే కాయలు పట్టుకున్న సంగతి మర్చిపోయాను. ఇక చూడండి నా పాట్లు. కల్లం కల్లమంతా నవ్వింది.

“ఉండండర్రా, అబ్బాయికి ఇప్పుడే ఊరు కనబడుతోంది” అన్నారు టీచర్ గారు. చెంబుతో నీళ్లు పోసిందీ ఆవిడే.

ఆ రోజు నుంచి బడి వదలగానే కల్లాల వెంట తిరిగారు. ఒక్కొక్కరి మాట ఒక్కో కాయితం మీద రాసేవారు. తాటిచెట్టుకి తూర్పున పది అడుగుల్లో మా ఆయన. గట్టు పక్కన మా అమ్మ. కింద వేలిముద్ర. ఆ కారం చేతుల తర్వాత నా ఇంక్ ప్యాడ్‌ని ఆఫీసులో ఎవరూ ముట్టుకోలేదు.

గడువు చివరి రోజున పెట్టె మూత పడలేదు.

విచారణలో పెద్దాఫీసరు గారు అడిగారు. “ఆధారం ఏముందమ్మా? ఒక్క రాయైనా లేదు కదా.”

టీచర్ గారు కల్లంలో రెండు తొడిమలు పెట్టినామె వైపు చూశారు. ఆమె లేచింది.

“పార తెప్పించండయ్యా. చోటు నేను చూపిస్తా. తవ్వేది మీరే తవ్వండి.”

పెద్దాఫీసరు గారు ఫైలు మూసి లేచారు.

ఆఫీసరు గారి గురించి కూడా ఒక మంచి మాట చెప్పాలి. ఆ సాయంత్రం ఆయన స్వయంగా వెళ్లి చూశారు. చెప్పులు బయటే విడిచారు. తిరిగొచ్చి, “గీత మార్చవయ్యా” అన్నారు.

ట్రేసింగ్ కాయితం మీద ‘ఖాళీ స్థలం’ అన్న అక్షరాలను బ్లేడుతో గీకేశాను. ‘సమాధుల తోట’ అని రాశాను. రోడ్డుని వంచాను.

ముప్పై ఏళ్లకు పైగా గీతలు గీశాను. గర్వంగా చెప్పుకునే గీత అదొక్కటే. ఆ తర్వాత ఏ ఊరి మ్యాప్ అయినా, అక్కడ నడిచేవాళ్లని అడిగాకే పెన్ను పట్టాను. అది టీచర్ గారు నేర్పిన పాఠం. నేను ఆవిడ బళ్లో చదవకపోయినా ఆవిడ స్టూడెంట్‌నే.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆవిడని తీసుకెళ్తున్నాం. తాటిచెట్టు ఇప్పుడు లేదు. వాళ్లమ్మ పక్కన చోటు మాత్రం ఉంది.

వచ్చేవాళ్లు ఆ వంపు దగ్గర నెమ్మదిగా తిరగండి. ఈ ఒక్కరోజుకీ తిట్టకండి.

టీచర్ గారూ, పొద్దున బీపీ బిళ్ళ వేసుకున్నాను.

మీరింక మీ అమ్మ పక్కన ప్రశాంతంగా పడుకోండి.