మగ్గం వరసలో ఆరు వైర్లు

ఆ రోజుల్లో మాకు చదువు తప్ప అన్నీ వచ్చనుకునేవాళ్ళం. తప్పు పూర్తిగా మాది కాదు, కాలేజీయే మూతబడింది. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని జగిత్యాలలో అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకుని, గేటుకు తాళం పడ్డాక కోరుట్లలో ఇంటికొచ్చి పడ్డాను. ఖాళీగా కనబడితే బాపు మగ్గం మీద కూచోబెడతాడన్న భయంతో మా మామ (అమ్మ తమ్ముడు) లారీ కింద దూరాను. అది ఎప్పుడో వేలంలో కొన్న మిలటరీ బండి. డీజిలు కాదు, పెట్రోలు తాగేది. ఇబ్రహీంపట్నం పసుపు మోసీ మోసీ, ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే పెళ్ళికొడుకును చేసి దించేది. నెలరోజులు మామకు పానాలు అందించేసరికి నేను మెకానిక్‌నయ్యానని నాకు అనిపించింది. (లారీకి అనిపించలేదు.)

ఓ పొద్దున సిరిసిల్ల నుంచి రాత్రంతా సైకిలు తొక్కి మనిషి వచ్చాడు. నాయినమ్మకు బాగాలేదు. "పెద్దోడు అచ్చిండా, పెద్దోడు అచ్చిండా అని ఒక్కటే అడుగుతున్నది. పొద్దు గడిచేటట్టు లేదు, జల్ది రాండ్రి," అన్నాడు. ఆ పెద్దోడే మా బాపు. ఆరేళ్ళ కింద తల్లితో ఏదో మాటామాటా వచ్చి, మగ్గం విప్పుకుని సిరిసిల్ల విడిచిన మనిషి. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు మాత్రం కండువా భుజాన వేసుకుని, చెప్పులు మర్చిపోయి వాకిట్లో నిలబడ్డాడు. బస్సులు బందై అప్పటికి వారం. మిగిలింది మామ లారీ ఒక్కటే.

"ఒక ప్లగ్గు సరిగ కొడ్తలేదు బావా, బండి దగ్గుతున్నది గని మెల్లగ పోతది. చాయ తాగి ఎక్కుదాం," అన్నాడు మామ. నేను ఊరుకుంటే ఈ కథ లేదు. "మామా, కొత్త ప్లగ్గులు ఉన్నయి గద. పావుగంటల ఏస్త. గాలి లెక్క పోదాం," అన్నాను. "అద్దురా అయ్యా, నడిచేదాన్ని ఎందుకు గెలుకుడు?" అన్నాడు మామ. అప్పుడు బాపు, నా జీవితంలో మొదటిసారి, నన్ను మెచ్చుకున్నాడు. "ఏయనియ్యి. పిలగాడు నేర్చుకున్నడు గద."

ఆ మాటతో నా తల బానెట్‌కు తగిలేంత ఎదిగింది. పాత ప్లగ్గులు విప్పాను, కొత్తవి బిగించాను. అక్కడికి నా వంటి మెకానిక్ లేడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ వైర్లు నూనె జిడ్డుగా కనిపించాయి. ఆరింటినీ రెండు కొసలా పీకి, గ్యాసునూనె (కిరసనాయిలు) గుడ్డతో తుడిచి, తాడు మీద బట్టల్లా ఆరేశాను. రాష్ట్రాన్ని విడదీయాలని అందరూ కొట్లాడుతున్న ఆ ఏడు నేను విడదీయగలిగింది ఆ ఆరు వైర్లనే. కలపడం దగ్గర కూడా నాకేం అనుమానం రాలేదు. నేను సాలోళ్ళ పిల్లవాణ్ణి. పాత పడుగుకు కొత్త పడుగు అతికేటప్పుడు మొదటి పోగుకు మొదటిది, రెండో పోగుకు రెండోది. ఒక్కటి దాటేస్తే బాపు చెయ్యి వీపు మీద పడేది. ఆ లెక్కనే కరెంటు పంచే మూత చుట్టూ ఒకటి నుంచి ఆరు దాకా వరసగా, ముచ్చటగా అతికాను. మామ సెల్ఫు కొట్టాడు.

ఢాం!

సైలెన్సర్లోంచి ఒకటి, వెనకే ఇంకొకటి. వీధి చివర జెండాలు పట్టుకున్న జనం "కాల్పులూ!" అని అరుస్తూ చెల్లాచెదరయ్యారు. దుకాణాల తలుపులు టపటపా పడ్డాయి. చాయ హోటల్లో కూచున్న కానిస్టేబుల్ ముందు బెంచీ కిందికి దూరి, తర్వాత కాసేపటికి మా దగ్గరికి వచ్చాడు. "ఎవడ్రా కాల్చింది?" "ఎవలు కాల్చలే సారూ, మా అల్లుడు బాగుచేసిండు," అన్నాడు మామ. (నా పనితనం మీద ఇంతకన్నా కచ్చితమైన మాట ఇప్పటికీ ఎవరూ అనలేదు.)

ఆ తర్వాత నవ్వేదేమీ లేదు. ప్లగ్గులు మళ్ళీ విప్పాను, మళ్ళీ బిగించాను. వైర్లను మాత్రం ముట్టుకోలేదు, అవి అంత చక్కగా ఉన్నాయి మరి. కొట్టినప్పుడల్లా ఢాం అంటుంటే సాయం చేసేవాళ్ళెవరూ దగ్గరికి రాలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. బాపు లారీ మెట్టు మీద కూచుని, కండువా కొసన పోగులు లాగుతూ ఉన్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

చివరికి పటాలంలో బండి నడిపి వచ్చిన గౌండ్ల తాత ఒకాయన, తాటిచెట్లు గీసి తిరిగొస్తూ ఆగాడు. ఒక్కసారి తొంగిచూసి, "కొడుకా, ఇది మగ్గం గాదురా. ఒకటెనుక అయిదు కొడ్తది, దానెనుక మూడు, ఆరు, రెండు, నాలుగు. గట్ల పెట్టాలె," అని అయిదు నిమిషాల్లో వైర్లు మార్చాడు. లారీ గాలిలాగే పోయింది. కథలాపూర్ దాటింది, చందుర్తి దాటింది, ఒక్కసారి కూడా దగ్గలేదు. ఒక్కసారన్నా ఆగిపోతే తప్పు బండి మీదికి పోయేదేమో.

సిరిసిల్లలో మా సందులో మగ్గాల చప్పుడు లేదు. పట్టపగలు ఆ సందు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నాయినమ్మ పోయి రెండు గంటలయిందట. "గింత ఆలస్యమైందేందిరా పెద్దోడా, సూసి సూసి పాయె," అని మేనత్త గుండెలు బాదుకుంది. నేను గోడకు అతుక్కుపోయాను. బాపు తల్లి కాళ్ళ దగ్గర కూచుని, నా వైపు చూడకుండానే, "బస్సులు లేవు చెల్లే," అన్నాడు.

అబద్ధం కాదది. వారం నుంచీ లేవు.

అట్లా మా నాయినమ్మ ఉద్యమం ఖాతాలోకి వెళ్ళిపోయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో మేనత్త ఆ ముచ్చట తీసేది: "బంద్ లేకుంటే మా అవ్వ కొడుకును సూసుకునే పోతుండె." అందరూ తలలూపేవారు, నేను మరి కాస్త ఎక్కువ ఊపేవాణ్ణి. రాష్ట్రం వచ్చిన రోజు కూడా ఆమె మిఠాయి నా నోట్లో పెట్టి, "దీనికోసం మా అవ్వ గూడ కొడుకును సూడకుంటనే పాయె బిడ్డా," అని మా ఇంటామెతో చెప్పి ఏడ్చింది. ఆ ముక్క మింగడానికి చాలాసేపు పట్టింది.

బాపు పోయాడు, మామ పోయాడు, పోయిన ఏడు మేనత్తా పోయింది. తిట్టగలిగినవాళ్ళంతా వెళ్ళిపోయాక తప్పు ఒప్పుకోవడం నా రకం ధైర్యం. రాసి, చదువుకుని, నాలో నేను కొంచెం నవ్వుకున్నాను గాని, ఇంటి నిండా ఎవరో తిట్టబోయి ఆగినంత నిశ్శబ్దం. ఒక్కరన్నా మిగిలి ఉంటే, కడుపునిండా తిట్టించుకుని తేలికపడేవాణ్ణి.