దిగుడు బాటలో ముందరి బోయీలు

మా ముత్తాత రాఘవేందర్ రావు గారు దంతాలపల్లి చుట్టుపక్కల ఊళ్లకు దొర. ఆయన మాట అన్నాక రెండో మాట ఉండేది కాదు. మా తాత లక్ష్మీకాంతారావు గారు కురవి వీరభద్రస్వామి జాతరకు బయలుదేరితే వెనక ఇంటి ఆడవాళ్ల మేనా, దాని వెనక బండ్ల వరస. మా నాయిన గారి కాలానికి బండ్లు పోయాయి, భూములు పోయాయి, కోటలాంటి మా గడీ కూలింది. తల మాత్రం ఆయన ఎవరి ముందూ వంచలేదు. నేనూ వంచలేదు. జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను.

ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. మా వంశంలో దయ్యాలకు భయపడ్డవాళ్లు లేరు, నమ్మినవాళ్లు అసలే లేరు అని చెప్పడానికి రాస్తున్నాను. నా దగ్గరకు ఎవరైనా అలాంటి కథ తెస్తే అందులో తప్పు ఎక్కడుందో చూపించి పంపేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గరే ఒకటుంది. దానిలో తప్పు నాకు దొరకలేదు.

మా నాయిన గారి చెల్లెలు, మా మేనత్త సుభద్రమ్మ, చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. ఇప్పుడు ఎనభై దాటింది. మా ఇంట్లోనే ఉంటుంది. మాకు మిగిలిన మామిడితోటను భూపాలపల్లి ఆయనొకరికి అమ్మినప్పుడు ఆమె వాటా ఆమెకు ఇచ్చాను. దానితో ఏం చేస్తావు అత్తమ్మా అని అడిగితే తడుముకోకుండా చెప్పింది.

"సముద్రం జూస్త. ఒడ్డున నిలవడి గాదు, నడి సముద్రంల."

అలా మేము ఓడ ఎక్కాం. నా భార్యకు జనగామ నుంచి వరంగల్ పోయే బస్సులోనే కడుపులో తిప్పుతుంది, అందుకని రానంది. స్పెయిన్ తీరం నుంచి బయలుదేరి, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న పోర్చుగల్ వాళ్ల ద్వీపాలు తిరిగి వచ్చే యాత్ర అది. ఓడలో మా అత్తమ్మకు అన్నీ నచ్చాయి, భోజనశాల తప్ప. "పల్లెం పట్టుకొని లైన్ల నిలవడుడేందిరా, మనం ఎవల ఇంటికి బంతికొచ్చినం?" అనేది. గది సర్దేవాళ్లు తువాలును కోతిలా మడిచి మంచం మీద పెడితే దానికి రోజూ బొట్టు పెట్టేది.

బయలుదేరే ముందు మా మధ్య ఒక పేచీ ఉండింది. అది ఓడలోనూ మాతోనే వచ్చింది. గడీ నుంచి మిగిలిన ఒకే ఒక్క వస్తువు ఆ మేనా. ఆడవాళ్లను కూర్చోబెట్టి నలుగురు బోయీలు భుజాన మోసే, తెరలు కట్టిన పల్లకి. హైదరాబాదు దగ్గర రిసార్టు కడుతున్న ఒకాయన దాన్ని గుమ్మంలో పెట్టుకుంటానని అడిగాడు. అద్దె ఇంట్లో అటక మీద చెదలు పడుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు మర్యాదగా అనిపించలేదు. అమ్ముదామన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "నా పానముండంగ మేనా గడప దాటది" అంది. ఆ మాట కాదని అమ్మే మనిషిని కాను. తిరిగొచ్చాక మాట్లాడదామని ఆపాను.

ఒక ద్వీపంలో ఓడ ఆగింది. కొండను ఆనుకుని ఉన్న ఊరు. అక్కడి పాత వేడుక ఒకటి అందరూ చూస్తారు. వెదురు బుట్టలా అల్లిన సోఫా లాంటి దానికి అడుగున రెండు చెక్క పట్టాలు ఉంటాయి, చక్రాలు ఉండవు. కొండ మీది వీధిలో మనుషులను అందులో కూర్చోబెట్టి, తెల్లబట్టలు, గడ్డి టోపీలు వేసుకున్న ఇద్దరు మనుషులు వెనక నుంచి తాళ్లు పట్టుకుని కిందికి జారుస్తూ తీసుకెళ్తారు. బూట్ల అడుగులే బ్రేకులు. నేను వద్దన్నాను. అత్తమ్మ అప్పటికే చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

ఎక్కే ముందు ఆమె ఒక పని చేసింది. మా ఇంటి మేనాకు ఒక పద్ధతి ఉండేది. ఎక్కే మనిషి తన చేత్తో బోయీలకు వక్కలు ఇవ్వాలి. అది అందుకోనిదే వాళ్లు దండె కింద, అంటే మేనాను మోసే కర్ర కింద, భుజం పెట్టరు. ఎంత దొర ఇంటి ఆడవాళ్లయినా అంతే. అత్తమ్మ నడుముకున్న సంచి విప్పి, ఆ ఇద్దరి చేతుల్లో తలా ఒక వక్క పెట్టింది. వాళ్లు నవ్వి జేబులో వేసుకున్నారు. ఆమె చుట్టూ చూసింది.

"మేనాకు నలుగురుండాలె. తతిమ్మ ఇద్దరేరి, కల్లుకు వోయిన్రా?"

"అత్తమ్మా, ఇది మేనా కాదు. జారుడు బండి."

"నాకెరుకేరా నర్సింగా. ఎక్కేటప్పుడు ఇచ్చుడు మన మర్యాద. నడువు."

అని మరో రెండు వక్కలు తీసి, మా కాళ్ల ముందు, బుట్ట ముందరి పలక మీద పెట్టింది.

మొదట అంతా బాగానే సాగింది. ఉన్నట్టుండి వాన మొదలైంది. ఆ రాళ్ల వీధి పట్టాల రాపిడికి అద్దంలా నునుపుగా ఉంటుంది, పైగా తడిసిన ఆకులు. వెనక ఒక మనిషి కాలు జారి పడ్డాడు. అతని బరువుకు రెండో మనిషి చేతిలోని తాడూ జారింది. అది ఎవరి తప్పూ కాదు. నేను తల తిప్పి చూసేసరికి ఇద్దరూ చాలా వెనక ఉన్నారు. మా బండి ఒంటరిగా కిందికి పోతోంది. కింద వీధిని అడ్డంగా కోస్తూ ఒక రోడ్డు, దాని మీద వాహనాలు.

నేను సీటు మీద ముందుకు జారుతున్నాను. ఒక చేత్తో అత్తమ్మను పట్టుకున్నాను. ఆమె అరవలేదు. పిలిచింది. గొంతెత్తి, పనివాళ్లు పెరట్లో ఉన్నప్పుడు పిలిచినట్టు పిలిచింది.

"కొంరన్నా! సాయన్నా! ఎత్తుండ్రి!"

ఇక్కడ జరిగింది జరిగినట్టే రాస్తాను. బండి ముందు భాగం పైకి లేచింది. ఎగరలేదు, కుదుపు లేదు, లేచింది. ముందుకు జారుతున్న నేను కుర్చీలో కూర్చున్నట్టు సమంగా కూర్చున్నాను. వీధి మాత్రం ఇంకా వాలుగానే ఉంది. బండి వేగం తగ్గి ఇటూ అటూ మెల్లగా ఊగింది, నడిచే మనుషుల అడుగుకు ఊగినట్టు. అడ్డరోడ్డుకు కాస్త ఇవతల కిందికి దిగి ఆగింది. ఒక పాల వ్యాను మా ముందు నుంచే పోయింది.

ఆ ఇద్దరూ పరుగున వచ్చారు. పడ్డ మనిషి మోచేయి గీరుకుపోయింది. అతను మమ్మల్ని చూడలేదు. బండి ముందుకు పోయి అటూ ఇటూ చూశాడు. రెండు వేళ్లు చూపించాడు. తర్వాత అరచేతిని తన భుజం మీద పెట్టుకుని నన్ను ఏదో అడిగాడు. ఓడవాళ్లు మాతో పంపిన గైడమ్మాయి వచ్చాక ఆ మాట ఏమిటని అడిగాను. మీ ముందు నడిచిన ఆ ఇద్దరు మీవాళ్లేనా, ఎటు పోయారు అని అడుగుతున్నాడంది. రెండో మనిషి ఎవరినీ చూడలేదన్నాడు.

ముందరి పలక మీది వక్కలు లేవు. అవి దొర్లి పడిపోయి ఉండవచ్చు. అది నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

కింద ఒక దుకాణంలో దారి పొడవునా తీసిన ఫోటోలు అమ్ముతారు. మాది కొన్నాను. ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అందులో నేనూ అత్తమ్మా తప్ప ఎవరూ లేరు. పట్టాల వెనక కొనలు రాళ్ల మీద ఉన్నాయి. ముందు కొనలు నేలకు జానెడు ఎత్తులో ఉన్నాయి. మా ఇద్దరి వీపులు నిటారుగా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఓడ డెక్ మీద కూర్చుని ఆమెకు వివరించబోయాను. తడి రాయి, రాపిడి, ఎక్కడో ఒక రాయి ఎత్తుగా ఉండి ఉంటుంది అన్నాను. ఆమె సముద్రం మీది నుంచి చూపు తిప్పలేదు.

"కాలేజీల సదువు జెప్పినవ్ గని, దిగుట్ల మేనా ఎట్ల మోస్తరో నీకెవలు జెప్పలే. ఎనకటోళ్లు దండె కిందికి దించుతరు. ముందటోళ్లు భుజం మీదికెల్లి తీసి చేతులతోటి మీదికి ఎత్తి పట్టుకుంటరు. అప్పుడు లోపలోళ్లు జారరు. కురవి తొవ్వల వాగు దిగుడు కాడ మా అమ్మ 'ఎత్తుండ్రి' అనేది. కొంరయ్య, సాయిలు ఎప్పటికీ ముందటోళ్లే."

ఆ బోయీలిద్దరూ నేను పుట్టకముందే చనిపోయారు. నాకు ఊహ తెలిసేసరికి మేనా అటకెక్కింది. దిగుడులో దాన్ని మోసే తీరు నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎక్కడా చదవలేదు. కాబట్టి తెలిసిన విషయాన్ని భయంలో ఊహించుకున్నానని అనడానికి వీల్లేదు. తెలియనిదాన్ని నా ఒళ్లు ముందు అనుభవించింది, చెవి తర్వాత విన్నది.

తిరిగి వచ్చాక కాగితం మీద ఆ వాలు గీసి, బరువులు వేసి చాలాసార్లు చూశాను. వేగం తగ్గడానికి కారణాలు దొరుకుతాయి. ముందు భాగం లేచి, లేచినట్టే నిలిచి, మెత్తగా దిగడానికి ఒక్కటీ దొరకలేదు. దయ్యమని అనను. ఆ మాట ఇప్పటికీ నా నోట రాదు. ఏమిటో నాకు తెలియదు, అంతే.

మేనా మాట నేను ఎత్తలేదు. అత్తమ్మే ఒకనాడు అన్నం తింటూ ఎత్తింది.

"అమ్మెయ్ రా."

"గడప దాటదంటివి గదా?"

"మేనా ఉంటేనే వాళ్లుంటరనుకున్న. కట్టె లేకున్నా మోసే మనుషులకు కట్టెందుకు? గని ఖాళీగ పంపకు, మర్యాద గాదు."

రిసార్టు వాళ్లు ట్రక్కు తెచ్చిన రోజు ఆమె కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తెర పక్కకు జరిపి లోపల నాలుగు వక్కలు పెట్టింది. ఎత్తడానికి వచ్చిన మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను నిటారుగా నిలబడి, జాగ్రత్తగా ఎత్తమని చెప్పాను.

మేనాను దండెతో సహా అమ్మేశాం.