మెట్లెక్కిన లిఫ్టు మెకానిక్కు

మా అల్లుడు లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగినా జనం దేవుడికన్నా ముందు తననే తలుచుకుంటారని ఆయన నమ్మకం. పనిచేసేది లిఫ్టుల్లో, కాపురం నాలుగో అంతస్తులో. అందుకే లోకంలో మెట్లనేవి ఉన్నాయని ఆయన పొట్టకి తెలియదు. అది పాపం చొక్కా బొత్తాలతో పోట్లాడుకుంటూ హాయిగా పెరుగుతోంది.

ఆయన కూతురు కూర్చున్న చోటు నుంచి కదలదు గనక నేనే దానికి బొంగరం అని పేరు పెట్టాను. బడిసంచితో గేటు నుంచి లిఫ్టు దాకా వచ్చేసరికే రొప్పుతుంది. డాక్టరమ్మ చూసి, "పిల్ల నడవాలి, మెట్లెక్కాలి, ఆ ప్యాకెట్ల తిండి మానాలి" అంది. పక్కనున్న తండ్రిని కూడా ఒకసారి చూసి ఉంటే చీటీ ఇద్దరి పేరునా రాసేది.

ఆ సాయంత్రమే ఇంట్లో ఉపన్యాసం మొదలైంది. అయ్యగారు సోఫాలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చిప్సు ప్యాకెట్టు నిలబెట్టుకుని, "క్యారెట్ తినమ్మా, కళ్ళకి మంచిది" అన్నాడు.

"నువ్వు తినవేం నాన్నా?"

"నా కళ్ళు బాగానే ఉన్నాయిగా!"

"పోనీ, రేపు మెట్లెక్కి వద్దామా?"

"నువ్వెక్కు తల్లీ. నేను లిఫ్టులో వచ్చి పైన నిలబడి చప్పట్లు కొడతా."

నాకు పెద్ద చదువు లేదు గానీ, పిల్లలు చెవులతో కాదు, కళ్ళతో నేర్చుకుంటారని మాత్రం తెలుసు. ఆ ముక్కే చెప్పాను. అత్త మాట వింటే అల్లుడెలా అవుతాడు?

మర్నాడు పొద్దున్నే మేడ మీది గదిలో లిఫ్టు స్విచ్ కట్టేసి, గదికి తాళం వేసి, తన సంచిలోని 'మరమ్మతులో ఉంది' బోర్డు తీసి కింద తగిలించాడు.

"అత్తయ్యా, ఎవరితోనూ అనకండి. ఇక ఎక్కక ఏం చేస్తుందో చూద్దాం!" అన్నాడు గుసగుసగా.

"బాగుంది బాబూ. మరి సాయంత్రం మీరెలా వస్తారు?"

ఆ మొహం చూసి తీరాలి! అంత గొప్ప పథకంలో తన కాళ్ళ సంగతి మరిచిపోయాడు.

సాయంత్రం తండ్రీకూతుళ్ళు మెట్లెక్కారు. రెండో అంతస్తులో తండ్రి కూలబడ్డాడు. ఆయనకి ఊపిరి వచ్చేదాకా బొంగరం పక్కనే కూర్చుని, మధ్యాహ్నం బడిలో ముట్టని క్యారెట్ ముక్కల డబ్బా తెరిచింది. ఆకలి మీదున్నారేమో, ఇద్దరూ ఖాళీ చేశారు. రోజూ అదే వరస. నా మోకాళ్ళు మాత్రం ఏ నేరమూ చెయ్యకుండానే నాలుగో అంతస్తులో జైలుపాలయ్యాయి.

ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తారు, మన లిఫ్టంటే మీకు భయమా మెకానిక్కుగారూ?" అని మెట్ల మీద ఎదురైనప్పుడల్లా పొడిచారు. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే. చివరికి అపార్టుమెంటు సెక్రటరీ, "మీ వల్ల కాకపోతే చెప్పండి. ఆదివారం వేరే మనిషిని పిలుస్తా" అనేశాడు. ఆ వేరే మనిషి ఎవరో కాదు, మావాడికి అస్సలు గిట్టని మెకానిక్కు.

"పరువు పోతుంది బాబూ, స్విచ్ వేసెయ్యండి" అన్నాను.

తాళంచెవి చేతిలోనే ఉంది. మెట్ల మీద కూతురు పాడుకుంటూ ఎక్కుతోంది, రొప్పడం లేదు. కాసేపు విని, తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడిప్పుడే అలవాటు పడుతోంది అత్తయ్యా. ఆదివారం దాకా ఉండనివ్వండి."

ఆదివారం ఆ మహానుభావుడు వచ్చాడు. మావాడే తాళం తీసిచ్చాడు. నేనూ బొంగరం చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టునీ తిడుతూ కిందికి దిగాను. లిఫ్టు చక్కగా కదిలి వచ్చింది.

"స్విచ్ వెయ్యడం కూడా రాదా గురువుగారూ?" అన్నాడు అతను, అందరికీ వినబడేలా. జనం విరగబడి నవ్వారు. కూతురి ముందు నిజం చెప్పలేక మావాడు నేల చూపులు చూశాడు.

బొంగరం తండ్రి చెయ్యి లాగింది. "నాన్నా, నువ్వు లిఫ్టులో రా. నేను ముందెళ్ళి చప్పట్లు కొడతా!" అంటూ మెట్ల మీదికి ఉరికింది.

ఆయన తెరిచిన లిఫ్టు వైపు చూశాడు. పొట్ట ఒకసారి సర్దుకుని కూతురి వెనకాలే పడ్డాడు.

నేను మాత్రం దర్జాగా లిఫ్టెక్కాను. చప్పట్లు కొట్టడానికి పైన ఎవరో ఒకరు ఉండాలిగా!