పేరు పెట్టిన పురుగు

హనుమకొండలో మా మిషన్ బడిలో లిదియా టీచరు నాలుగో తరగతి పిల్లల చేత పురుగులకు పేర్లు పెట్టించేది. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. నేను రెండో తరగతికి చెప్పేదాన్ని. నా గది కిటికీ సరిగ్గా ఆమె తోటవైపే ఉండేది. నేను ఎక్కాలు చెప్పిస్తుంటే బయటి నుంచి కేకలు వినబడేవి. "టీచర్, ఈ నల్ల పురుగుకు గొల్యాతు అని పెట్టిన!" అని ఒకడు, "నాది చీమల రాణి, షేబ రాణి!" అని ఇంకొకతె. ఇక నా పిల్లల కళ్లు పలక మీద నిలుస్తాయా?

బడి వెనక, బావికీ బోర్డింగు వంటింటికీ మధ్య ఉన్న కాస్త జాగాయే ఆ తోట. డెబ్భై మూడులో ఆమె మా బడికి వచ్చేనాటికి అక్కడ పెంకు ముక్కలూ పల్లేరుకాయలూ తప్ప ఏమీ లేవు. పిల్లల చేత రాళ్లు ఏరించి, వంటింటి చెత్త కుళ్లబెట్టించి, వంకాయా బెండా టమాటా పెట్టించింది. అదే ఆమె సైన్సు పాఠం, అదే బైబిలు పాఠం. దేవుడు ఆదామును తోటలో పెట్టి రెండు పనులు అప్పజెప్పాడట, సేద్యం చేయడం ఒకటి, కాపాడడం ఒకటి. మొదటిది అందరికీ గుర్తుంది, రెండోది మరిచిపోయారని ఆమె బాధ. పిల్లకొక సుతిలి తాడు ముక్క ఇచ్చి, దాన్ని నేల మీద గుండ్రంగా పరవమనేది. ఆ గుండ్రంలో ఎవరెవరు కాపురముంటున్నారో, ఎవరు ఎవరిని తింటున్నారో బోర్లా పడుకుని చూడమనేది. చూసినవాటికి ఆదాము లాగా పేర్లు పెట్టాలి. పేరు పెట్టినదాన్ని మాత్రం చంపకూడదు. అదొక్కటే నియమం.

"దేవునికి దశమభాగం ఇస్తం గద బిడ్డా," అనేది వంకాయలు కోసేటప్పుడు. "పురుగుకూ పిట్టకూ గూడ ఇంకో భాగం ఇయ్యాలె. అవి గూడ ఆయన సంఘమే."

ఆ సంఘంలో అందరికంటే పేరు పొందినవాడు సెక్రెటరీ. ములుగు వైపు అడవి పల్లె నుంచి వచ్చి మా బోర్డింగులో ఉండి చదివే మొగిలమ్మ అనే పిల్ల ఒకరోజు వంకాయను చీల్చింది. లోపల తెల్లగా, లావుగా ఒక పురుగు పడుకుని ఉంది. "వీడు సెక్రెటరీ" అంది ఆ పిల్ల. ఎందుకే అని అడిగితే, "కూసున్నకాడ్నే కూసోని తింటాండు టీచర్" అంది. మా చర్చి కార్యదర్శి సుందర్ రావు గారి శరీరం తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. లిదియక్క కోప్పడబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటి నుంచి వంకాయలో ఏ పురుగు కనబడ్డా వాడు సెక్రెటరీయే. పిల్లలు వాడిని జాగ్రత్తగా కాయతో సహా చెట్టు మొదట్లో పెట్టి వచ్చేవారు.

మా చర్చి సంఘంలో ఏటా నవంబరులో కోత పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. అయ్యగారు ప్రార్థన చేశాక వాటిని అక్కడే హర్రాజు వేస్తారు. గుమ్మడికాయ కోసం వకీలూ డాక్టరూ పోటీపడి పాడుతుంటే చూడాలి. నాలుగో తరగతి పిల్లల గంప కూడా ఏటా వెళ్లేది. ఎనభై ఒకటిలో హర్రాజు వేసేవాడు ఆ గంప పైకెత్తి చూపిస్తుంటే, ఒక సెక్రెటరీ కాయలోంచి బయటికొచ్చి అతని ముంజేతి మీద పాకాడు. చర్చి మొత్తం నవ్వింది. పిల్లలు తలలు దించుకున్నారు. లిదియక్క కూడా నవ్వేసింది కానీ, గుమ్మం దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ యాకయ్యకు మాత్రం నవ్వు రాలేదు.

యాకయ్యది పరకాల దగ్గర ఊరు. చర్చి లోపలికి వచ్చేవాడు కాదు గానీ కాంపౌండులో అతనికి తెలియని చెట్టు లేదు. బావిలోంచి నీళ్లు చేది తోటకు పోసేవాడు అతనే. టీచరమ్మంటే ప్రాణం. ఆ నవ్వు అతని మనసులో ముల్లులా ఉండిపోయింది, మాకెవరికీ తెలియలేదు.

మరుసటి ఏడు వంకాయలు మెరిసిపోయాయి. ఒక్క రంధ్రం లేదు, ఒక్క మచ్చ లేదు. పండుగ ఆదివారం పొద్దున కోస్తుంటే పిల్లలకు ఆనందం పట్టలేదు. ఈసారి నవ్వులపాలు కావద్దని వాళ్లంతా రోజూ ప్రార్థన చేశారట. దేవుడు విన్నాడని చంకలు గుద్దుకుంటున్నారు. నేను కూడా గంప చూసి మెచ్చుకున్నాను. లిదియక్క మాత్రం ఆకులు తిరగేస్తూ, కిందికి వంగి చూస్తూ సాలు చివరిదాకా వెళ్లింది.

"టీచర్, సెక్రెటరీ కనబడ్తలేడు," అంది ఐదో తరగతికి వెళ్లినా తోట వదలని మొగిలమ్మ.

సెక్రెటరీయే కాదు, గొల్యాతు లేడు, షేబ రాణి లేదు, చీమల బారు లేదు. చెట్టు మొదట్లో ఒక తొండ వెల్లకిలా పడి ఉంది. ఆకు వాసన చూసి ఆమె లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది. నీళ్ల బొక్కెనతో వస్తున్న యాకయ్య ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఎట్లున్నయ్ టీచరమ్మా కాయలు?"

"మందు కొట్టినవా యాకయ్యా?"

"మా తమ్ముడు పత్తికి కొట్టంగ మిగిలింది తెచ్చిన. పిందె మీద ఒకసారి, నిన్న ఒకసారి. నిరుడు మిమ్ములను జూసి అందరు నవ్విండ్రు గద. ఈసారి ఎవడు నవ్వుతడో చూస్త."

 ఏమని తిడుతుంది? చర్చి గంట కొట్టారు. పిల్లలు అప్పటికే గంప ఎత్తుకుని పరుగెత్తారు. మేమిద్దరం వాళ్ల వెనక పరుగెత్తాం.

పాస్టరు ఆనందరావు అయ్యగారు ఆరాధనకు వేసుకునే పొడుగు అంగీ తొడుక్కుంటున్నారు. లిదియక్క విషయం చెప్పింది. "ఎవరు కొట్టిండ్రమ్మా?" అని అడిగారాయన. ఆమె నావైపు చూసింది. పేరు చెబితే చర్చి కమిటీ సాయంత్రానికి యాకయ్యను గేటు బయట నిలబెడుతుంది. "ఎవరో కొట్టిండ్రు అయ్యగారూ" అంది. ఎవరో కొట్టారంటే ఎవరు పట్టించుకుంటారు? "కడుక్కోని వండుకుంటరు తియ్యమ్మా, కీర్తన మొదలైంది," అని ఆయన వెళ్లిపోయారు. నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

హర్రాజులో పిల్లల గంప పైకి లేవగానే లిదియక్క తానే పాట మొదలుపెట్టింది. ఎలాగైనా కొనేసి ఏ గుంటలోనో పూడ్చేయాలని ఆమె ఆలోచన. ఎవరైనా పైకి పాడితే ఆమె ఇంకా పైకి పాడింది. తన పిల్లల కాయలకు తానే ధర పెంచుతోందని జనం ముసిముసి నవ్వులు నవ్వారు. సుందర్ రావు గారికి హుషారొచ్చింది. ఆయన పాడిన పాటకు ఆమె జీతం చాలదు. గంప ఆయనకే దక్కింది.

ఆయన లేచి, గొంతు సవరించుకుని, "చిన్నపిల్లలు పండించిండ్రు. చిన్నపిల్లలే తినాలె. ఈ గంప నేను బోర్డింగుకు ఇస్తాన్న. ఇయ్యాల మధ్యాహ్నం వాళ్లకు ఇదే కూర," అన్నారు. చప్పట్లు మారుమోగాయి. పిల్లలు గెంతులేశారు. సుందర్ రావు గారు చెడ్డవారు కారు, అదే వచ్చిన తంటా. చెడ్డవారైతే పోట్లాడి గెలిచేవాళ్లం.

ఆరాధన ముగిసి, వచ్చినవాళ్లందరి కరచాలనాల నుంచి బయటపడి మేము వంటింటికి చేరేసరికి కూర పొయ్యి మీద ఉంది. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలో బారులు తీరారు. బోర్డింగు మేట్రన్ కృపమ్మ గరిటె చేత పట్టుకుని నిలబడింది. లిదియక్క రెండు మసిగుడ్డలు తీసుకుని, గుండిగను దించి, ఈడ్చుకుంటూ వెళ్లి బూడిద గుంటలో బోర్లించింది. చేతులు కాలాయి.

పిల్లలు పళ్లేలతో గుంట చుట్టూ చేరారు.

"టీచర్, దేవునికిచ్చింది పారబోసిండ్రా?" అంది మొగిలమ్మ. ఆ గొంతులో ఉన్న బాధ నేను మరిచిపోలేను.

"అండ్ల మందున్నది బిడ్డా. తింటే పానం ఖరాబైతది."

"దేవుడు పురుగుల్ని తీసేసిండు గద టీచర్. మేం ప్రార్థన చేస్తిమి."

 పురుగుల్ని తీసేసింది దేవుడు కాదంటే వాళ్ల ప్రార్థన పోతుంది. యాకయ్య అంటే యాకయ్య పోతాడు. అతను బావి గట్టు దగ్గర బొక్కెన పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

కృపమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అంది. "టీచరమ్మా, బజార్ల దెచ్చే బెండకాయకు మందు లేదా? టమాటకు లేదా? రోజు గదే వండుతాన. అన్ని పారబోసి ఈ పిల్లలకు ఏం పెట్టాలె, మీరే చెప్పుండ్రి."

  ఆరోజు పిల్లలు పచ్చిపులుసుతో అన్నం తిన్నారు. వాళ్లు లిదియక్కవైపు చూడలేదు.

కమిటీ ఆమెను ఏమీ అనలేదు. వయసు మీద పడుతోంది, విశ్రాంతి కావాలని తోటను యాకయ్యకు అప్పగించింది. అతను వద్దు వద్దంటూ ఆమె కాళ్ల మీద పడ్డాడు. "నీ తప్పు లేదు యాకయ్యా, తీసుకో," అంది. కాయలు బాగుండాలని కమిటీయే అతనికి మందు డబ్బాలు కొనిపెట్టింది. లిదియక్క పిల్లల్ని తీసుకెళ్లి సుతిలి తాళ్లు పరిపిస్తూనే ఉంది. కానీ వాటిలో పేరు పెట్టడానికి ఎవరూ దొరికేవారు కాదు. కొన్నాళ్లకు పిల్లలకు విసుగొచ్చి ఆ తాళ్లతో దూకే ఆట ఆడారు. తర్వాత ఆమె కూడా మా అందరిలాగే గోడకు సీతాకోకచిలుక బొమ్మ తగిలించి, బెత్తంతో చూపిస్తూ పాఠం చెప్పింది. నా కిటికీ బయట కేకలు ఆగిపోయాయి. నా పిల్లలు ఎక్కాలు చక్కగా నేర్చుకున్నారు. ఆ చప్పుడు లేని తోటను చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఎనభై ఆరులో ఆమె రిటైరైంది. శాలువా కప్పి, సుందర్ రావు గారు గొప్పగా మాట్లాడారు. పిల్లలు పండించినవని ఒక గంప నిండా వంకాయలు ఆమె చేతికిచ్చారు. ఆమె దండం పెట్టి తీసుకుంది. క్వార్టర్ల దాకా ఆ గంప నేనే మోశాను. ఇంట్లోకి వెళ్లగానే ఆమె శాలువా అయినా తీయకుండా కత్తిపీట ముందేసుకుని కూర్చుంది.

"వండుతవా ఏందక్కా?" అన్నాను భయంగా.

ఆమె ఒక్కో కాయే రెండుగా చీల్చి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పెడుతోంది. గంప సగమయ్యాక ఆమె కళ్లలో నీళ్లు తిరిగి కాయలు కనబడడం లేదు. మిగిలినవి నావైపు జరిపింది.

"మార్తా, జర నువ్వు జూడే. దేంట్లనన్న సెక్రెటరీ ఉన్నడేమో."

నేను కూర్చుని చివరి కాయ దాకా కోశాను. అన్నీ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి.