వావిలాకు పరిచిన గది

నిరుడు మా తోట మామిడి సగం గంపల్లోనే నల్లబడి కుళ్లిపోయింది. బూజు మందులో ముంచడం నాకిష్టం లేదు. బనగానపల్లె దగ్గర పల్లెలో నాగన్న అనే రైతు ఏ మందూ లేకుండా కాయ నిలవబెడతాడని విని, మే నెలలో ఒక సోమవారం కర్నూలులో ఆరింటి బస్సెక్కాను. ఓర్వకల్లు గుట్టలు దాటేసరికే వేడిగాలి మొదలైంది. బనగానపల్లెలో దిగి ఉగ్గాని, బజ్జీ తిన్నాను. వెళ్లేవాళ్లు అక్కడే తినండి, ఆ తర్వాత టీ కూడా దొరకదు. అక్కణ్ణుంచి షేర్ ఆటో. నేను నాగన్న ఇంటికని విన్న పక్కాయన, "ఆ గదిలోకి పోతాండావా?" అని, కాస్త దూరం జరిగి కూర్చున్నాడు.

నాగన్నకు అరవై దాటి ఉంటాయి. పద్ధతి ఏమీ దాచుకోకుండా చూపించాడు. చెయ్యి పెట్టగానే లాక్కునేంత వేడినీళ్లలో కాయల్ని కాసేపు ముంచి, నీడన ఆరబెట్టి, ఎండిన వావిలాకు మీద పేరుస్తారు. ఇదంతా భార్య సుబ్బమ్మ మొదలుపెట్టిందట. అంతకుముందు ఏళ్ల తరబడి మందునీళ్ల మీద వంగి పనిచేసినందుకే తన ముక్కుకు వాసన తెలియకుండా పోయిందని నాగన్న నమ్మకం. సుబ్బమ్మ చనిపోయి రెండేళ్లయింది.

గదికి రాతి గోడలు, కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉంది. అన్ని పండ్లున్నా ఒక్క ఈగ లేదు. నాకెందుకో గొంతు తగ్గించి మాట్లాడాలనిపించింది. నాగన్న తలుపు మూశాడు.

"పసుపు వాసన వస్తాండాదా?"

ఆ గదిలోకి పసుపు తేనే తేరు. అయినా వచ్చినవాళ్లంతా ఆ వాసనే చెప్పారట. సుబ్బమ్మ రోజూ ఒంటికి పసుపు రాసుకునేదట. ఇప్పుడు కాయలు కొనే వ్యాపారి మళ్లీ మందులో ముంచమని ఆయన ప్రాణం తీస్తున్నాడు.

"మందు పెడితే ఆమె ఈడ ఉండదప్పా. ఇప్పుడు ఉండాదో లేదో నాకు తెలీదు. నువ్వు జెప్పు."

నాకు మామిడి వాసన, ఎండాకు ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. చీకట్లో ఆయన నా వైపే చూస్తున్నాడు. భయమూ జాలీ రెండూ కలిగాయి. "శానా వస్తాండాది" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుని, తలుపు తీసి, నా చేతిలో నాలుగు పండ్లు పెట్టాడు.

తిరుగు బస్సు మూడింటికి. ఈసారి మా కాయలకూ వేడినీళ్లు, వావిలాకే అనుకుంటూ కూర్చున్నాను. బేతంచెర్లలో ఎక్కి ముందు సీట్లో కూర్చున్న ఒకామె, కాసేపటికి వెనక్కి తిరిగింది.

"పెండ్లి నుంచి వస్తాండావా అన్నా? ఒకటే పసుపు వాసన."

చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకు ఏ వాసనా రాలేదు. రేపు నాగన్న ఇంకెవరినో ఆ గదిలోకి తీసుకెళ్లి అడుగుతాడు. ఆ వాసన నా వెంటే వచ్చేసి ఉంటే, అక్కడ ఇక ఏ పసుపు వాసనా లేదని వాళ్లు చెబుతారేమోనని భయమేసింది.