ముందే కొట్టిన టిక్కులు

పంటి ఆస్పత్రిలో పన్నెండేండ్లు పని చేసినా. మా డాక్టరు సారు వారంలో నాలుగు దినాలు ప్రొద్దుటూరులో చూసేవాడు, బుధవారం జమ్మలమడుగు, శనివారం పులివెందుల. మూడు చోట్లా సారు ఎనకాల బ్యాగు మోసేది, కుర్చీ తుడిచేది, పటకార్లు కడిగేది, వచ్చినోళ్లను వరుసలో కూచోబెట్టేది నేనే. శుభ్రం కాడ నాకు వంక పెట్టినోళ్లు లేరు. ఒకరి నోట్లో పెట్టిన సామాను బ్రష్షుతో రుద్ది, కవర్లో సీలు చేసి, ఆవిరి మిషన్లో ఉడికిస్తే గానీ ఇంకొకరి నోటి కాడికి పోనిచ్చేదాన్ని కాదు. కరెంటు పోతే పేషెంట్లను రేపు రమ్మని పంపించేదాన్ని గానీ, ఉత్త స్పిరిట్టుతో తుడిచి సారు చేతికి ఇచ్చిందే లేదు. "ఏమ్మా, నీకంటే ఆ డాక్టరే నయం" అని తిట్టిపోయినోళ్లు ఉండారు. తిట్టుకోనీలే అనుకునేదాన్ని. నాకు ఆ పొగరు శానా ఉండేది.

అట్లాంటిదాన్ని, ఒక కాగితం కాడ దొంగపని చేసినా. దాంతోనే మా మామ చచ్చిపోయినాడు.

ఆస్పత్రికి నాణ్యత సర్టిఫికెట్ తెప్పించాలని సారుకు పట్టింది. దానికోసం ఏవేవో రిజిస్టర్లు వచ్చినాయి. వాటిల్లో ఒకటి పేషెంటు ఫారం. షుగర్ ఉందా, బీపీ ఉందా, గుండె జబ్బు ఉందా, కామెర్లు వచ్చినాయా, ఏం మాత్రలు మింగుతాండారు, ఇట్ల ఇరవైకి పైన ప్రశ్నలు. ఒక్కొక్కటీ అడిగి, అవును కాడనో కాదు కాడనో టిక్కు కొట్టి, కింద సంతకం చేయించుకోవాల. షుగర్ కాడ అవును అని ఉంటే సారు ముందు వేలు పొడిచి చూస్తాడు. ఎక్కువుంటే పన్ను ముట్టడు, తగ్గించుకోని రమ్మంటాడు. రూలు మంచిదే. అడిగేదానికి ఓపిక ఉండాల గదా!

మావోళ్లను అడిగి చూడండి, తెలుస్తాది. షుగర్ ఉందా పెద్దాయనా అంటే, "నాకెందుకుంటాదమ్మా, ఎవురికేం ద్రోహం చేసినా" అంటాడు ఒకాయన. ఇంకొకాయన వాళ్ల తమ్ముని షుగర్ కథ మొదలుపెడతాడు, అది వాళ్ల తమ్ముని కూతురి పెండ్లి దాకా పోతాది. బయట ఇరవై మంది దవడలు పట్టుకోని మూలుగుతాంటారు. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టినా. జమ్మలమడుగు బస్సులో సీటు దొరికితే ఫారాల కట్ట ఒళ్లో పెట్టుకోని, అన్నింట్లో కాదు, కాదు, కాదు అని ముందే కొట్టుకుంటా పోయేదాన్ని. బస్సు దిగేలోపల ఆ వారానికి సరిపడా అయిపోయేవి. ఎవరన్నా వాళ్లంతట వాళ్లు చెప్తే దిద్దేదాన్ని. చెప్పనోళ్లకు ఏ జబ్బూ లేనట్టే లెక్క. తనిఖీకి వచ్చినాయన ఫారాలు తిరగేసి, ఒక్క గడి గూడ ఖాళీ లేదే అని మెచ్చుకున్యాడు. సారు నాకు చీర పెట్టినాడు. సిగ్గు లేకుండా కట్టుకున్యా.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. చాపాడు దగ్గర పల్లెలో సేద్యం. మా నాయన పోయినాక నన్ను పదో తరగతి దాకా చదివించింది ఆయప్పే. దవడ పన్ను పుచ్చి నెల దినాలు ఓర్చుకున్యాడంట. కడాకు అత్త కడపకు పోదామంటే, "ఆడికెందుకు, మన పాప ఉండే ఆస్పత్రికే పోతా. అన్నీ ఆ పాపే చూసుకుంటాది" అన్యాడంట.

ఆ పొద్దు సోమవారం, జనం కిక్కిరిసి ఉండారు. మామ వాచిన దవడతోనే నవ్వుకుంటా వచ్చి నిలబడినాడు. మామ గదా అని వరుస తప్పించి ముందుకు పిలిచినా. ఫారం ముందర పెట్టినా. కండ్లద్దాల కోసం జేబు తడుముకుంటా, "ఏముందో చదవాల్నా పాపా?" అని అడిగినాడు.

"ఏమొద్దు మామా, అంతా రాసేసినా. ఈడ సంతకం పెట్టు, బిన్నా, బయట జనం కాచుకోనుండారు."

"నువ్వు చెప్తే సరే" అని ఒక్కో అక్షరం పేర్చి పెట్టినాడు.

ఆయప్పకు రెండేండ్లుగా షుగర్ ఉందంట. సొంత మేనకోడల్ని, నాకే తెలీదు. మాత్రల చీటీ గూడ మడిచి జేబులో పెట్టి పంపించిందంట అత్త, అడిగితే చూపించమని. చూపిస్తాలే అని ఆయమ్మకు మాటిచ్చి వచ్చినాడంట. అడిగితే! ఎవరడిగినారు? మామ అడిగితే చెప్పే మనిషే గానీ, అడగంది చెప్పే మనిషి కాదు.

సారు ఫారం చూసినాడు, మత్తు సూది వేసినాడు, పన్ను పీకినాడు. మామ దూది కరుచుకోని చేత్తోనే పోయొస్తానని సైగ చేసి పోయినాడు. మూడో నాటికి గడ్డం కింద గట్టిగా వాచింది. నాలుక పైకి లేచి గుటక నీళ్లు గూడ దిగలా. కడపకు ఎత్తుకోని పోయినారు. ఆడ వేలు పొడిచి చూస్తే అంకె గూడ రాలా, మిషన్ చూపించేదానికి మించి ఉందంట షుగర్. చీము గొంతులోకి, ఆడినుంచి ఎదలోకి దిగిందన్నారు. ఐదో దినం పోయినాడు.

సారు ఫారం తీసి రెండుసార్లు చదివినాడు. "ఆయనే దాచిపెట్టినాడమ్మా, మనమేం చేస్తాం" అన్యాడు. పాపం, నిజంగా నమ్మే అన్యాడు. నేను ఆ ఫారం తీసుకోని మళ్లా కట్టలో పెట్టేసినా.

మామకు దినాలు గూడ చేయకముందే మావోళ్లు పదిమంది ఆస్పత్రి మీదికి వచ్చినారు. అరుపులు, కేకలు. ఒకని చేతిలో రాయి గూడ ఉంది. సారు గమ్మున ఆ ఫారం ముందర పెట్టినాడు. షుగర్ కాడ కాదు అని టిక్కు, కింద మామ సంతకం. చదువొచ్చినోళ్లు చదివి మిగతావాళ్లకు చెప్పినారు. అత్త మాత్రం కాగితం దిక్కు చూడలా, నా దిక్కు తిరిగింది.

"నువ్వు చెప్పు పాపా. నువ్వు అడిగినావా?"

నిజం చెప్పింటే ఏమయ్యేది? పని పోయేది, కేసయ్యేది, మావోళ్లు ఆడనే నన్ను కొట్టేవాళ్లు. కొట్టించుకోవాల్సింది. ఛీ, నా బతుకు!

"అడిగినా అత్తా. షుగర్ లేదన్యాడు."

అంత సులువుగా వచ్చేసింది నా నోట్లోనుంచి. రాయి పట్టుకున్నోడు దాన్ని గోడ పక్కన పెట్టినాడు. అత్త మెట్లు దిగి పోయింది.

ఆరు నెల్లకు పని మానేసినా. ఎవరడిగినా మోకాళ్ల నొప్పులని చెప్తాండా. అత్త మాత్రం పోయిన మొగున్ని తిట్టని దినం లేదు. దినాల పొద్దు ఆయప్పకు ఇష్టమని ఎవరో ఓళిగలు చేస్తే, ఆకులో పెట్టనీయలా. "ముప్పై ఏండ్లలో నాతో అబద్ధమాడలేదనుకుంటి. ఇంగా నా దగ్గర ఏమేం దాచినాడో ఎవురికి తెలుసు" అని వచ్చినోళ్లందరితో చెప్పుకుంది. పెట్టెలో ఉండే కాగితాలన్నీ తీసి, తనకు చదవడం రాక ఒక్కొక్కటే పక్కింటోళ్లతో చదివించుకుందంట.

నిన్న గూడ ఫోన్ చేసింది. అదే మాట. "ఇంట్లో నాతో ఆడింటే ఆడినాడు, సొంత మేనకోడలివి, నీ ముందర గూడ అబద్ధమాడె గదా పాపా, ఏం మనిషి!" అని ఏడ్చింది.

"పోనీలే అత్తా, పోయినోన్ని ఏమీ అనగాకు" అన్నా.